సిరిసిల్లలో నాలుగో అమావాస్య

నేను సిరిసిల్ల వెళ్లింది మా అమ్మ మీద గెలవడానికి. అడిగిన వాళ్లందరికీ పుస్తకం పని మీద అని చెప్పాను. అదీ అబద్ధం కాదు. కానీ అరవై ఏళ్ల మనిషి నడుముకు బెల్టు బిగించుకుని తెనాలి నుంచి అంత దూరం పోయిందంటే పుస్తకం ఒక్కటే కారణమని ఎవరు నమ్ముతారు.

సంగతేమిటంటే, ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట నేను అమావాస్య రోజున పెళ్లి చేసుకున్నాను. పొరపాటున కాదు, పంచాంగం చూసి మరీ చేసుకున్నాను. దానికి కారణం హైదరాబాదులో మాకు పాఠం చెప్పిన కిషన్‌రావు మాస్టారు. ఆయన ఫిజిక్సు చదివి, ఆ ఉద్యోగం వదిలేసి, సైన్సు గురించిన తత్వశాస్త్రంలోకి వచ్చిన మనిషి. ఒక సంగతి మనకు తెలిసిందని ఎలా తెలుస్తుంది, ఆ తెలియడం మీద ఎంత బరువు మోపొచ్చు అన్నదే జీవితమంతా ఆయన పని. ఎవరేం చెప్పినా ఆయనది ఒకటే ప్రశ్న: "ఏం జరిగితే నీ మాట తప్పని ఒప్పుకుంటవు?" జవాబు చెప్పలేకపోతే ఆ మాటను పక్కన పడేసేవారు. చెప్పగలిగితే, అది జరిగేదాకా ఆ మాట "ఇప్పటికైతే నిజం" అనేవారు. ఆ "ఇప్పటికైతే" తగిలించకుండా సూర్యుడు తూర్పున వస్తాడని కూడా అనేవారు కాదు.

ఆయన రాసింది ఒకటే పుస్తకం. అందులో నాలుగో అధ్యాయం సిరిసిల్ల మరమగ్గాల గురించి. అమావాస్య నాడు మగ్గం నడిపితే పోగులు తెగుతాయని అక్కడి నేతవాళ్ల నమ్మకం. మాస్టారు ఒక షెడ్డులో మూడు అమావాస్యలు, మూడు మామూలు రోజులు కూర్చుని, తెగిన పోగుకొక చింతగింజ డబ్బాలో వేశారు. అమావాస్య డబ్బా, మామూలు డబ్బా చివరికి సమానంగా తేలాయి. నేతవాళ్లు డబ్బాలు చూసి నమ్మకం వదిలేశారు, నాలుగో అమావాస్య నుంచి మగ్గాలు నడుపుతామన్నారు అని ఆ అధ్యాయం ముగుస్తుంది. రుజువు కళ్ల ముందు పెడితే మామూలు మనిషి కూడా నమ్మకం మార్చుకుంటాడని ఆయన వాదం. నేను అది చదివి ఉప్పొంగిపోయి పెళ్లికి అమావాస్య ముహూర్తం పెట్టుకున్నాను.

అమ్మకిప్పుడు ఎనభై నాలుగు. మా దగ్గరే ఉంటుంది. ఫ్రిజ్ చెడినా, మా ఆయనకు మెడ పట్టినా "అమావాస్య పెళ్లి" అంటుంది. ఒకసారి మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పేలితే కూడా అంది. అది వీధి మొత్తానిదమ్మా అంటే, వీధిలో నువ్వున్నావుగా అంది. నేనూ తక్కువ తినలేదు. పెళ్లయ్యాక జరిగిన మంచి సంగతులన్నీ ఒక నోటుబుక్కులో రాసి, గొడవైనప్పుడల్లా ఆవిడకు చదివి వినిపిస్తాను. ఇద్దరిలో ఒక్కరమూ ఒక్క అంగుళం కదల్లేదు.

మాస్టారు పోయి నాలుగేళ్లు. పుస్తకం మళ్లీ అచ్చు వేయించే పని, దానికి ముందుమాటగా ఆయన జీవితం రాసే పని నా మీద పడ్డాయి. అట్ట మీదకు అమావాస్య నాడు నడుస్తున్న మగ్గం ఫోటో కావాలి. బయల్దేరేటప్పుడు అమ్మ గుమ్మంలో నిలబడి, అక్కడ నిజంగా మగ్గాలు నడుస్తుంటే వీడియో తీసుకురా, ఇక చచ్చేదాకా అమావాస్య మాట ఎత్తను అంది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆవిడ ఓటమికి షరతు చెప్పడం అదే మొదటిసారి. మాస్టారుంటే చప్పట్లు కొట్టేవారు.

జగిత్యాల: సందేహ సంఘం

అమావాస్యకు రెండు రోజుల ముందు జగిత్యాలలో దిగాను. పొద్దున్నే ఒక బండి దగ్గర సర్వపిండి తిన్నాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు వేసి గిన్నెకు అద్ది, మధ్యలో వేలితో బొక్కలు పెట్టి కాలుస్తారు. ముప్ఫై రూపాయలు. మా తెనాలి పెసరట్టు మూడు తిన్నా మధ్యాహ్నానికి మళ్లీ ఆకలేస్తుంది గానీ, ఇది ఒక్కటి తింటే సాయంత్రం దాకా మనిషి అటూ ఇటూ కదలక్కర్లేదు. చాయ్ పది రూపాయలు. అల్లం ఎక్కువ, మాటలు ఇంకా ఎక్కువ.

ఆ ఊళ్లో మాస్టారి అభిమానులు సందేహ సంఘం అని ఒకటి నడుపుతున్నారు. సభ్యులు అయిదుగురు. నేను వెళ్లేసరికి ఇద్దరే ఉన్నారు. మిగతా ముగ్గురికీ నేను వస్తానన్న నమ్మకం కుదరలేదట. అధ్యక్షుడు లక్ష్మీరాజం గారు బంగారం పని చేస్తారు, దుకాణం మీద గదే సంఘం ఆఫీసు. ఎప్పుడో మాస్టారు గీటురాయి ఎలా వాడతారో చూడటానికి వచ్చి, ఒక పూటంతా కూర్చుని, వెళ్తూ వెళ్తూ ఈయన్ను తత్వవేత్తను చేసి పోయారు.

గోడకు మాస్టారి ఫోటో ఉంది. ఫోటోకు దండ వేయొద్దని ఆయన రాసిపెట్టి పోయారట. అందుకని పక్కన ఉత్త మేకు కొట్టి దండ దానికి వేశారు.

ముందు నేను నిజంగా మాస్టారి శిష్యురాలినేనా అన్నది తేలాలన్నారు. అప్పటి గ్రూపు ఫోటో చూపించాను. ఫోటోలు ఎట్లైనా చేయొచ్చు కదా అన్నారు. మాస్టారు వాదనలో ఓడితే ఏం చేసేవారో అడగమన్నాను. ఏం చేసేవారన్నారు. ఒక గ్లాసు నీళ్లు తాగి నవ్వేవారన్నాను. లక్ష్మీరాజం గారు నన్ను గీటురాయి మీద గీసినట్టు చూసి, "నీళ్లు అందరు తాగుతరు మేడం. అయినా కూసోండ్రి. ఇప్పటికైతే మీరు శిష్యులే" అన్నారు. ఆ ఊళ్లో కుర్చీ కూడా తాత్కాలికంగానే ఇచ్చారు.

సంఘానికి ఒక నియమం ఉంది. ఏ తీర్మానమూ ఏకగ్రీవం కాకూడదు. అందరూ ఒప్పుకుంటే ఒకరు వంతు ప్రకారం వ్యతిరేకించాలి. మాస్టారు పోయినప్పుడు పెట్టిన సంతాప తీర్మానానికి వ్యతిరేకించే వంతు లక్ష్మీరాజం గారికే వచ్చింది. మినిట్స్ పుస్తకం తెచ్చి ఆ పేజీ తీశారు. "సారు పోయిండ్రని నేను ఒప్పుకోను" అని ఆయన చేతిరాత ఉంది, కింద సంతకం. రాసేటప్పుడు కళ్లలో నీళ్లు ఆగలేదన్నారు. నాకు నవ్వొచ్చింది. ఏం చెయ్యాలో తెలియక నీళ్లు అడిగి తాగాను.

సంఘం ప్రతి అమావాస్యకూ కలుస్తుందని విని పొంగిపోయాను. చూశావా అమ్మా అని మనసులోనే అనుకుని, మాస్టారి అధ్యాయం జ్ఞాపకార్థమేనా అని అడిగాను. అదీ ఉన్నది అంటూనే లక్ష్మీరాజం గారు, ఆ రోజు మా దుకాణం ఎట్లైనా బంద్ కదా, మా తాతల నాటి నుంచి అంతే అన్నారు. ఆ మాట నేనప్పుడు పట్టించుకోలేదు. మీరెవరైనా సిరిసిల్ల పోయి ఆ మగ్గాలు చూశారా అంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పుస్తకంల ఉన్నది గద మేడం" అన్నారు సందేహ సంఘం అధ్యక్షులు.

కోరుట్ల: తొక్కు జాడీ

మర్నాడు కోరుట్ల. వీధి అరుగుల మీద ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. దారి అడిగితే తల ఊపి చెబుతారు గానీ చేతులు ఆగవు. దుకాణాల మధ్యలో దుబాయి, మస్కట్ టికెట్ల బోర్డులు. మా వైపు కోచింగ్ సెంటర్ల బోర్డులు ఎన్నుంటాయో అక్కడ ఇవి అన్ని.

మాస్టారి అక్క సుశీలమ్మ గారిది పాత పెంకుటిల్లు. ఎనభై రెండేళ్లు, మనిషి నిటారుగా ఉంది. వీళ్లది బోయినపల్లి దగ్గర ఒక ఊళ్లో దొరల కుటుంబం. ఇప్పుడు ఆ దొరతనం పోయి వ్యవసాయం మిగిలింది, అయినా బీడీలు చుట్టే ఆవిడ నాకు ఇల్లు చూపించేటప్పుడు "దొరసానమ్మ ఇల్లు" అనే అంది.

అన్నం పెట్టింది. జొన్నరొట్టె, వంకాయ, చింతపండు పులుసు. పులుసు చల్లగా ఉంది, ఉల్లిపాయలు పచ్చిగా తేలుతున్నాయి. ముసలావిడ పొయ్యి మీద పెట్టడం మర్చిపోయిందనుకుని, మెల్లగా, గ్యాసు అయిపోయిందా అండీ అని అడిగాను. ఆవిడ గ్యాసు ఉన్నదని చెప్పి, నా మొహం చూసి విషయం గ్రహించి, ఇది పచ్చి పులుసు, దీన్ని కాగబెడితే పాడైతదని వివరంగా చెప్పింది. తర్వాత నేను మూడుసార్లు వేయించుకున్నాను. మూడోసారి, గ్యాసు మీద పెట్టి తేనా అని అడిగింది.

తమ్ముడి చిన్నతనం గురించి చెప్పమన్నాను. అబద్ధమాడితే దగ్గరున్న పాలు విరుగుతాయని వాళ్లింట్లో వంటమనిషి అనేదట. తొమ్మిదేళ్ల మాస్టారు పాలగిన్నె ముందు పీట వేసుకుని పొద్దున్నించి అబద్ధాలు చెబుతూ కూర్చున్నారు. తనకు తెలిసినవన్నీ అయిపోయాక, అన్నింటికన్నా పెద్దది చెప్పాలని, "మా నాయిన ఊళ్లె అందరిని మంచిగ జూస్తడు" అన్నారు. అదే సమయానికి నాయన వెనక నిలబడి ఉన్నాడు. దెబ్బలు బాగా పడ్డాయి గానీ పాలు మాత్రం విరగలేదట. ఆవిడ నవ్వుతూ చెప్పింది. నాయన సంగతికి మాత్రం నవ్వలేదు.

ఇంతకీ మాస్టారి సొంత పుస్తకం కాపీ ఉందా అని అడిగాను. ఉన్నదని వంటింట్లోకి తీసుకెళ్లింది. మామిడికాయ తొక్కు జాడీ మీద మూత, మూత కదలకుండా బరువుగా పుస్తకం. ఆయనే చెప్పారట, అక్కా, ఏ పుస్తకమైనా ఏదో ఒక బరువు మొయ్యాలె అని. తెరిస్తే నూనె పీల్చి పేజీలన్నీ అద్దాల్లా తయారయ్యాయి. ఇటు పేజీలోంచి అటు పేజీ కనిపిస్తోంది. నాలుగో అధ్యాయం చివర, అచ్చు ఆగిన చోట, పెన్సిలుతో మాస్టారి రాత ఉంది: "నాలుగో అమావాస్య. మళ్ల పోయిన. నర్సయ్య జెప్పింది..." ఆ తర్వాత మూడు లైన్లు ఉన్నాయి. వాటి మీద ఆవపిండి, కారం, నూనె కలిసి ఎర్రగా పేరుకుపోయాయి. కళ్లద్దాలు మార్చి, ఎండలో పెట్టి, చివరికి కొంచెం నాకి కూడా చూశాను. ఉప్పు సరిపోయింది, ఇంకేమీ తెలియలేదు.

"గా అమావాస్యకు పొయ్యచ్చి మూడు దినాలు నవ్విండు బిడ్డా" అంది సుశీలమ్మ గారు. "ఎందుకు అంటే చెప్పలే. మళ్ల అచ్చేసినప్పుడు మారుస్త అన్నడు. మళ్ల అచ్చెక్కడిది, మొదటిదే ఎవ్వలు కొనకపాయె."

ఏం మార్చాలనుకున్నారో ఆవిడకు తెలియదు. నర్సయ్య అంటే ఆ మగ్గాల షెడ్డులో పనిచేసినాయన, సిరిసిల్లలోనే ఉంటాడని మాత్రం చెప్పింది. పుస్తకం ఇవ్వమంటే జాడీకి బరువేది అంది. నా సంచిలో ఉన్న కొత్త అచ్చు ప్రూఫుల కట్ట ఇచ్చాను. చేత్తో తూచి, తేలికగా ఉన్నదని, పైన ఒక రాయి పెట్టింది.

సిరిసిల్ల: నా చెవులు

అమావాస్య పొద్దున సిరిసిల్లలో బస్సు దిగాను. ఈ ఊళ్లో మరమగ్గాల మోత ఎలా ఉంటుందో నాకు చాలామంది చెప్పారు. కొత్తవాళ్లకు తలనొప్పి వస్తుందని, మాట వినపడాలంటే అరవాలని చెబితే మాత్రలు కూడా తెచ్చుకున్నాను. దిగి ఒక వీధి నడిచాను, రెండో వీధి నడిచాను. ఏమీ వినపడలేదు. బస్సు గాలికి చెవులు పట్టేశాయనుకుని, రోడ్డు మీదే ముక్కు మూసుకుని గట్టిగా ఊదాను. చాయ్ కొట్టాయనను కాస్త గట్టిగా మాట్లాడమన్నాను. పాపం ఆయన ఊరంతా వినపడేలా "ఇయ్యాల అమావాస్య అమ్మా, సాంచాలు నడువయి" అని అరిచాడు. మరమగ్గాన్ని ఇక్కడ సాంచ అంటారు.

నేను నమ్మలేదు. కరెంటు పోయిందా అన్నాను. ఆయన నెత్తి మీద తిరిగే ఫ్యాను చూపించాడు. పనివాళ్ల సమ్మె ఏమైనా ఉందా అన్నాను. లేదన్నాడు. ఆర్డర్లు లేవేమో, మరమ్మతులేమో, ఈ వీధి ఒక్కటే ఇలా ఉందేమో అన్నాను. ఇంకో పది రూపాయల చాయ్ తాగి ఇంకో రెండు కారణాలు కనిపెట్టాను. షెడ్డు తర్వాత షెడ్డు తాళాలు చూసుకుంటూ ఊరంతా తిరిగాను. తిరుగుతుంటే ఒక చోట కాళ్లు ఆగిపోయాయి. ఈ సాకుల గొంతు నాకు తెలుసు. ట్రాన్స్‌ఫార్మర్ పేలిన రోజు అమ్మ గొంతు ఇదే.

ఒప్పుకుంటున్నాను, ఆ వీధిలో నాకు ఏడుపొచ్చింది. మాస్టారు అబద్ధం రాశారా అన్నది ఒక బాధ. ఈ తాళాల వీడియో అమ్మకు చూపించాలి అన్నది రెండో బాధ. రెంటిలో ఏది పెద్దదో చెప్పడానికి సిగ్గేస్తోంది.

నర్సయ్య ఇంట్లో

నర్సయ్య గారి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఎనభై ఏళ్లుంటాయి. వయసులో మహారాష్ట్రలోని భీవండి పోయి సాంచాల పని నేర్చుకుని తిరిగొచ్చిన మనిషి. చెవులు ఆ మోతకు పోయాయి. భార్య లచ్చవ్వ గారు పక్కన కూర్చుని నా మాటలు ఆయనకు అరిచి అందించింది. మాస్టారి పేరు చెప్పగానే ఇద్దరూ లేచి నిలబడ్డారు. తర్వాత ఏదడిగినా ముందు తిను అన్నారు. మటన్, అన్నం, ఒక సీసాలో కల్లు. కల్లు వద్దన్నాను. మీ సారు వద్దనలేదని చెప్పి ఒక గ్లాసు పోశారు. పుల్లగా, పొగ వాసనతో బాగానే ఉంది.

నేను నూనె పేజీ తీసి, చింతగింజల సంగతి అడిగాను. నర్సయ్య గారు ముందు భార్య మొహం చూశారు. ఆవిడ చెప్పమన్నట్టు తల ఊపింది.

ఆ షెడ్డు యజమాని సేఠు మాస్టారి లెక్క గురించి విని మహా సంతోషపడ్డాడట. అమావాస్య నాడు పోగులు తెగవని పెద్ద చదువు చదివిన సారే తేల్చేస్తే, ఇక ఆ రోజూ పని చేయించొచ్చు. పనివాళ్లకు గుండెల్లో రాయి పడింది. రోజుకు పన్నెండు గంటల పని, నెలకు ఒక్క అమావాస్యే సెలవు. అందుకని మొదటి అమావాస్య నాడు వాళ్లే గోటితో పోగులు తెంపారు. మాస్టారి డబ్బా నిండిపోయింది. ఆయన మొహం మాత్రం వాడిపోయింది.

"పొద్దందాక డబ్బ దిక్కే సూసుకుంట కూసున్నడు బిడ్డా. తెచ్చుకున్న సద్ది ఇప్పలే" అన్నారు నర్సయ్య గారు. "దొర కొడుకు. మా షెడ్ల నేల మీద కూసోని, తినక, ఎండిపోయిండు. నాకు పానం ఆగలే. మామూలు దినమచ్చింది. ఆ దినం గూడ గన్నే తెంపినం."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. రెండు డబ్బాలూ ఎందుకు సమానమయ్యాయో అప్పుడు తెలిసింది. ఒక డబ్బా సెలవు కోసం, రెండోది మాస్టారు అన్నం తినడం కోసం. రెండూ సమానంగా కనబడ్డ రోజు ఆయన లచ్చవ్వ పెట్టిన అన్నం కూడా అడిగి తిన్నారట. నమ్మకం వదిలేశారా అని అడిగితే అందరూ ఒకే గొంతుతో వదిలేశామన్నారు. దొర కొడుకు అంత ఆశగా అడిగితే కాదని ఎవరంటారు. ఆయన రాసుకుని హైదరాబాదు వెళ్లారు, నెల తిరక్కుండానే అచ్చు వేయించారు. ఆ తర్వాతి అమావాస్యకు, అంటే నాలుగోదానికి, పనివాళ్లెవరూ షెడ్డుకు రాలేదు. సేఠు ఇంటింటికీ వచ్చి పోగులు తెగవని సారు చెప్పాడు కదా అని నిలదీస్తే, పోగులు తెగవు గానీ మా నడుములు తెగుతున్నాయి అన్నారట.

అదే రోజు మాస్టారు చెప్పకుండా వచ్చారు. నడుస్తున్న మగ్గాలు చూసి మురిసిపోదామని వచ్చిన మనిషికి తాళం కనిపించింది. నేరుగా ఈ ఇంటికొచ్చి, ఇదే చోట గోనెసంచి మీద కూర్చున్నారు. నర్సయ్య గారు భయపడుతూనే అన్నీ చెప్పేశారు. మాస్టారు ఒక గ్లాసు నీళ్లు తాగారు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. దగ్గు వచ్చేదాకా నవ్వారట.

"మరి నిజంగా తెగుతాయా, తెగవా?" అని నేను అరిచాను. ఈసారి లచ్చవ్వ గారు అందించనక్కర్లేకపోయింది.

"సారు గూడ గిదే అడిగిండు" అన్నారు నర్సయ్య గారు. "నడిపితే గద తెల్శేది. మా తాతల కాడికెళ్లి అమావాస్య నాడు నడిపినోడు లేడు. నడిచినయి ఆ మూడు దినాలే. ఆ మూడు దినాలు మేమే తెంపినం."

అంటే నా పెళ్లి ముహూర్తం వెనక ఉన్న శాస్త్రం మొత్తం నలుగురు మనుషుల గోళ్లు. నేను కల్లు గ్లాసు ఖాళీ చేశాను.

మాస్టారు ఇంకేమన్నారని అడిగాను. వెళ్లబోతూ, నర్సయ్యా, నేను తప్పు అడిగిన, ఏమడగాల్సి ఉండె అన్నారట. పోగు తెగుతుందా అని అడిగారు గానీ, ఆ రోజు మీరేం చేస్తారని అడగలేదు సారూ అని ఈయన చెప్పారు. అది విని ఆయన జేబులోంచి పెన్సిలు తీసి పుస్తకంలో రాసుకున్నారట. తొక్కు మింగేసిన మూడు లైన్లు అవేనన్నమాట.

నేనూ ఆ ప్రశ్నే అడిగాను, ఆలస్యంగానే అయినా. జవాబు లచ్చవ్వ గారు చెప్పింది. "ఏం జేస్తం బిడ్డా. తలకు పోసుకుంటం. మిగిలిన దినాలు ఆయన తినేటప్పుడు నేను తినకపోదును, నేను తినేటప్పుడు ఆయన షెడ్ల ఉండు. నెలల గీ ఒక్క పూట ఇద్దరం కూసోని తింటం." పని మానేసి ఇరవై ఏళ్లయినా ఇప్పటికీ అమావాస్యకు మటన్ తెచ్చుకుంటారు. ఆ తర్వాత మాస్టారు కూడా వీలైన అమావాస్యలకు వచ్చి వాళ్లతో తిని వెళ్లేవారట. ఆయన జీవితం రాయడానికి బయల్దేరిన నాకు ఈ సంగతి ఏ కాగితంలోనూ దొరకలేదు.

బయటికొచ్చి అమ్మ కోసం వీడియో తీసి, ఒక షెడ్డు తాళానికి ఫోటో కూడా తీశాను. అట్ట మీదకు అదే వెళ్తోంది. సాయంత్రం లక్ష్మీరాజం గారికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆయన ఈ సంగతి సంఘంలో పెడతానని, వ్యతిరేకించే వంతు ఈసారి ఇంకొకరిదని చెప్పి పెట్టేశారు.

తెనాలి

ఇంటికి రాగానే అమ్మ వీడియో అడిగింది. ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, సౌండు పెంచుకుని చివరిదాకా చూసింది. ఏమీ వినపడటం లేదేమిటే అంది. జరిగిందంతా చెప్పాను, గోళ్లతో సహా. పోగులు తెగుతాయో తెగవో ఎవరికీ తెలియదమ్మా, నేను ఓడిపోయాను అన్నాను. ఇక మొదలుపెడుతుందని కాచుకుని కూర్చున్నాను. ఆవిడ వీడియో మళ్లీ మొదటి నుంచి పెట్టుకుంది.

అప్పుడు అడిగాను. ముప్ఫై ఒక్క ఏళ్లలో నోటుబుక్కు నింపాను గానీ ఈ ప్రశ్న ఒక్కసారి అడగలేదు. అమావాస్య అంటే నీకెందుకమ్మా అంత భయం అన్నాను.

"భయమేంటే, నా మొహం" అంది అమ్మ. "మా అక్కచెల్లెళ్లు నలుగురూ రాలేదు. అమావాస్య నాడు గడప దాటం అన్నారు. మీ నాన్న హాలుకు మూడు వందల కుర్చీలు తెప్పించాడు. నువ్వు, అబ్బాయీ ఫోటోల్లో నవ్వుతున్నారు. సాయంత్రం దాకా ఆ కుర్చీలన్నీ నేనే తుడుస్తూ కూర్చున్నాను, ఎవరో ఒకరు రాకపోతారా అని."

నాకు ఆ కుర్చీలు గుర్తున్నాయి. పాతిక మంది కూడా రాలేదని, మూఢనమ్మకాల మీద మాకు దొరికిన గెలుపని, స్నేహితులకు గొప్పగా చెప్పుకున్నాను. అమ్మ చేతిలో గుడ్డ ఉందని మాత్రం నాకు గుర్తు లేదు. ఆవిడ పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను. సారీ అన్నాను. వినపడనట్టు వీడియో ఆపింది.

నలుగురిలో ఇప్పుడు రేపల్లెలో చిన్న పిన్ని ఒక్కతే మిగిలింది. వచ్చే నెల మా పెళ్లిరోజుకు రమ్మని అప్పుడే ఫోన్ చేశాను. అమ్మ పక్కనుంచి పంచాంగం తిప్పుతూ ఏకాదశి అని చెప్పు, ఏకాదశి అని చెప్పు అంటోంది. పిన్ని వస్తానంది. ఇప్పటికైతే.

ఇంకా ఇరవై మూడు రోజులు ఉంది. అమ్మ అప్పుడే హాల్లో ఒక కుర్చీ తుడిచి, దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు.